వైరింగ్ కూలీ మిగుల్చుకోవాలా? మీరు వెతుకుతున్న డబ్బు ఇంకోచోట ఉంది

ప్రశ్న: మా ఇల్లు కట్టి పాతికేళ్లు దాటింది. వైరింగ్ అంతా అప్పటిదే. బాత్రూమ్ గోడకు చెమ్మ పట్టింది, వంటగది అరలు పాడయ్యాయి, రంగులు వెలిశాయి. అన్నీ ఒకేసారి చేయించేద్దామని అంచనా వేయించాం. మొత్తం ఖర్చు 100 అనుకుంటే, ఇందుకోసం మేం దాచింది 60. మిగతా 40కి 12 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. ఈ 100లో కరెంటు పని కూలీ ఒక్కటే 10 దాకా ఉంది. ఇంట్లో చిన్నచిన్న రిపేర్లు నేనే చేస్తుంటాను కాబట్టి, వైరింగ్ కూడా నేనే చేసుకుని ఆ 10 మిగుల్చుకుందామనుకుంటున్నాను. అవసరమైతే అత్యవసర నిధిలోంచి కొంత తీయొచ్చా? వంటగదిలో కెటిల్ పెట్టే సాకెట్ ఈమధ్య వేడెక్కుతోంది. అందుకే త్వరగా మొదలుపెట్టాలని ఉంది.

జవాబు: ముందు ఆ సాకెట్ సంగతి. ఈరోజే దాన్ని వాడటం ఆపేయండి. ఆ లైన్ ఎంసీబీ (కరెంటు పరిమితి మించితే దానంతటదే పడిపోయి లైన్ కట్ చేసే స్విచ్) దించేసి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. లోన్, రెనొవేషన్ ఏవీ తేలేదాకా ఈ ఒక్క పని ఆగకూడదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, లోపల జరిగేది ఇది. సాకెట్ వెనక స్క్రూ లూజై, వైరు కలిసేచోట అర ఓమ్ రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డంకి) ఏర్పడిందనుకుందాం. 10 ఆంపియర్లు లాగే కెటిల్ పెడితే, ఆ ఒక్క జాయింట్ దగ్గరే 50 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ కాలడానికి అంత వేడి చాలు, అదీ ప్లాస్టిక్ డబ్బా లోపల, మీ గోడలో. ఎంసీబీ ఎందుకు పడిపోలేదని అనుమానం రావొచ్చు. దానికి కనిపించేది 10 ఆంపియర్ల కరెంటు మాత్రమే, అది దాని పరిమితి లోపలే ఉంది. జాయింట్ కాలిపోతున్న విషయం దానికి తెలిసే దారే లేదు.

వైరింగ్ మీ చేతులతో చేయొద్దని చెప్పడానికి కూడా నా మొదటి కారణం ఇదే. రంగు సరిగ్గా వేయకపోతే మర్నాడు పొద్దున్నే కనిపిస్తుంది. తలుపు బందు సరిగ్గా బిగించకపోతే చప్పుడు చేస్తుంది. జాయింట్ సరిగ్గా బిగించకపోతే బల్బు వెలుగుతూనే ఉంటుంది, అంతా బాగుందనిపిస్తుంది, రెండు మూడేళ్లకు గానీ బయటపడదు. తప్పు చేస్తే వెంటనే కనిపించే పనులు మీరు చేసుకోండి. తప్పు గోడలో దాక్కునే పనులకు డబ్బు పెట్టండి.

ఇంకొకటి కూడా చూడండి. ఎంసీబీ కాపాడేది వైర్లను, మనిషిని కాదు. షాక్ కొట్టినప్పుడు కాపాడాల్సింది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా కట్ చేసే స్విచ్. ఇళ్లలో వాడేది మామూలుగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి కట్ అయ్యే రకం. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే దానికి ఐదు వందల రెట్లకు పైగా కరెంటు పారాలి. పాత ఇళ్లలో చాలావాటికి ఆర్‌సీసీబీ ఉండదు. కొత్తగా పెట్టాక, ఒక సర్క్యూట్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఇంకో సర్క్యూట్‌లో కలిసిపోయిందంటే అది మాటిమాటికీ పడిపోతుంది. సొంతంగా వైరింగ్ చేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. కారణం దొరక్క, విసిగిపోయి, దాన్ని పక్కనపెట్టి డైరెక్ట్ చేసేస్తారు. అలా చేస్తే దానికి పెట్టిన డబ్బూ పోయినట్టే, ప్రాణానికి రక్షణా పోయినట్టే.

ఫిక్స్‌డ్ వైరింగ్ పని లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలని చాలాచోట్ల నియమం ఉంది. ఇంటి బీమా ఉంటే పాలసీ పత్రంలో ఆ షరతు ఉందేమో ఒకసారి చదవండి.

ఇక డబ్బు లెక్క. 40 లోన్ మూడేళ్లకు 12 శాతంతో తీసుకుంటే నెలకు సుమారు 1.33 చొప్పున, మొత్తం 47.8 కడతారు. అంటే వడ్డీ 7.8. వైరింగ్ మీరే చేసి మిగుల్చుకోవాలనుకున్నది 10. ప్రాణాన్ని పణంగా పెట్టి ఒక చేత్తో మిగుల్చుకున్నదాంట్లో మూడొంతులకు పైగా రెండో చేత్తో వడ్డీకి పోస్తున్నారన్నమాట. ఆ లోన్ దేనికని చూస్తే, వంటగది అరలకు, రంగులకు. వైరింగ్‌కు, చెమ్మకు మీ 60 సరిపోతుంది.

మీరిచ్చిన అంకెలకు నా అంచనా కలిపి లెక్క వేస్తున్నాను, మీ కొటేషన్‌తో సరిచూసుకోండి. కరెంటు పని సామాను, కూలీ కలిపి 25. బాత్రూమ్ చెమ్మ, గోడలోని పైపులు 15. పగలగొట్టిన గోడలు పూడ్చి, ప్లాస్టరింగ్ చేసి, ఒక కోటు ప్రైమర్ వేయడానికి 8. మొత్తం 48. ఇంకా 12 చేతిలో ఉంటుంది, అది ఉండాలి కూడా. పాతికేళ్ల గోడ పగలగొట్టాక లోపల తుప్పు పట్టిన పైపు కనిపించొచ్చు, పాత కాండ్యూట్ (గోడలో వైర్లు వెళ్లే పైపు) మూసుకుపోయి కొత్త వైరు లాగలేకపోవచ్చు. మీ మొదటి ప్లాన్‌లో 60కి 40 కలిస్తే సరిగ్గా 100, ఇలాంటివాటికి పైసా మిగల్లేదు. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. సగం పగలగొట్టిన ఇంట్లో కూర్చుని రెండో లోన్ కోసం తిరిగేటప్పుడు వడ్డీ రేటు గురించి బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు.

మిగిలింది 52. అందులో వంటగది 35, రంగులు 17. ఈ 17లో కూలీ 9 ఉంటుందనుకుందాం. మీకు చేతిపని ఇష్టం కదా, ఇది మీరు చేయండి. పాత రంగు గీకడం, పుట్టీ పట్టి ఉప్పుకాగితంతో రుద్దడం, రోలర్‌తో రెండు కోట్లు వేయడం, అన్నీ సెలవు రోజుల్లో ఒక్కో గది చొప్పున చేసుకోగలిగినవే. నిచ్చెన జాగ్రత్త, కొత్త ప్లాస్టర్ పూర్తిగా ఆరాకే పుట్టీ. అటు 7.8 వడ్డీ, ఇటు 9 కూలీ. మీరు వైరింగ్‌లో వెతికిన 10 కన్నా ఇది ఎక్కువ.

దీనికి మీరిచ్చుకోవాల్సింది సమయం. ఈఎంఐగా కట్టాలనుకున్న 1.33నే నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, మిగిలిన 43 పోగవడానికి సుమారు రెండేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. పక్కన పెట్టిన 12 ఖర్చు కాకపోతే రెండేళ్లలోపే. ఈలోగా ధరలు పెరుగుతాయి, డిపాజిట్ వడ్డీ దాన్ని కొంత పూడుస్తుంది, పూర్తిగా కాదు. అన్నాళ్లు ఆ పాత అరలతో వేగడం కష్టమని ఇంట్లోవాళ్లు అంటే అది న్యాయమైన మాటే. అప్పుడు చివర్లో తక్కువపడిన 20కి మాత్రం ఏడాది లోన్ తీసుకోండి. అదే 12 శాతానికి వడ్డీ సుమారు 1.3 మాత్రమే. కాకపోతే నెలవారీ వాయిదా 1.78 అవుతుంది, అది మోయగలరో లేదో ముందే చూసుకోండి. పర్సనల్ లోన్‌ను నేను పూర్తిగా కాదనడం లేదు. పెద్ద మొత్తం, ఎక్కువ కాలం, పని మొదలుకాకముందే అన్న మూడూ కలిస్తేనే వద్దంటున్నాను.

వైరింగ్‌లో మీరు చేయాల్సిన పని ఒకటి ఉంది, దాన్ని ఎలక్ట్రీషియన్ మీకోసం చేయలేడు. సుద్దముక్క పట్టుకుని గది గదికీ తిరగండి. ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎక్కడెక్కడ వాడుతున్నారో ఆ ప్రతిచోటా గోడ మీద గుర్తు పెట్టండి. మంచం ఇటు జరిపితే ఛార్జర్ ఎక్కడ, వాషింగ్ మెషిన్ మారితే ఎక్కడ, రేపు సోలార్ పెట్టినా బండి ఛార్జింగ్ పెట్టినా వైరు ఎటునుంచి దిగుతుంది, అన్నీ కుటుంబమంతా కలిసి ఆలోచించండి. అలాంటి దారుల్లో ఇప్పుడే ఒక ఖాళీ పైపు వేయించి పెట్టండి. గోడ తెరిచి ఉన్నప్పుడు పైపు ఖర్చు ఒక లెక్కే కాదు. మూశాక అదే పాయింటు కావాలంటే పగలగొట్టడం, పూడ్చడం, మీరు చెమటోడ్చి వేసిన రంగు మళ్లీ వేయడం.

కొటేషన్ ఒకే అంకెగా ఇస్తే ఒప్పుకోవద్దు. ఏ లైన్‌కు ఏ సైజు వైరో రాయించండి. 230 వోల్టుల ఇళ్లలో సాధారణంగా లైట్లకు 1.5 స్క్వేర్ ఎంఎం, సాకెట్లకు 2.5, హీటర్, ఏసీ లాంటి బరువైనవాటికి 4 వాడతారు. ఎంసీబీ రేటింగ్ వైరు సైజుకు తగ్గట్టు ఉండాలి. ‘తరచూ పడిపోతోంది, పెద్దది వేద్దాం’ అని ఎవరన్నా ఒప్పుకోవద్దు, అప్పుడు ఎంసీబీ పడేలోపే వైరు వేడెక్కుతుంది.

డబ్బు పనిని బట్టి ఇవ్వండి. సామాను దిగాక కొంత, పైపులు, వైర్లు అయ్యాక కొంత. గోడలు మూసే ముందు ప్రతి గోడనూ టేపు ఆనించి కొలతలు కనిపించేలా ఫోటోలు తీసుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు మీకే పనికొస్తాయి. చివరి 10 శాతం మాత్రం టెస్టులయ్యేదాకా చేతిలో ఉంచుకోండి. మెగ్గర్‌తో (వైరు తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతుందో కొలిచే మీటరు) 500 వోల్టుల దగ్గర ప్రతి సర్క్యూట్ ఇన్సులేషన్ చూపించమనండి, కనీసం 1 మెగా ఓమ్ రావాలి. కొత్త వైర్లకు ఇంకా చాలా ఎక్కువే వస్తుంది. అది మీ ఎదురుగానే చేయాలి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి పడిందో లేదో మీరే చూడండి. బిల్లులు, రీడింగులు దాచుకోండి. ఇల్లు అమ్మేటప్పుడు కొన్ని దేశాల పన్ను నియమాల్లో ఇలాంటి పనుల ఖర్చును కొన్న ధరకు కలుపుకునే వీలుంటుంది, కాగితం లేకపోతే కుదరదు.

అత్యవసర నిధి గురించి అడిగారు. అరలకు, రంగులకు దాన్ని ముట్టుకోవద్దు. ఆ వేడెక్కే సాకెట్‌కు మాత్రం, మీ 60 డిపాజిట్‌లో ఉండి వెంటనే చేతికి రాదనుకుంటే, నిధిలోంచి తీసి ఈ వారమే రిపేర్ చేయించండి. డిపాజిట్ చేతికి రాగానే తిరిగి నింపేయండి.