చుక్కల మధ్య గీతలు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొక్కల వేళ్ల చుట్టూ బతికే బ్యాక్టీరియా గురించి తెలుగులో రాద్దామని కూర్చున్నందుకే ముందు నీకు సగం మార్కులు వేశాను. మొదటి పేరాలో, ఒక్కో రకం బ్యాక్టీరియాను ఒక చుక్కగా, వాటి మధ్య లెక్కల్లో తేలిన పొత్తును గీతగా చూపే నెట్‌వర్క్ బొమ్మను చుక్కల ముగ్గుతో పోల్చావు. పోలిక బాగుంది. అంత బాగున్న పోలికతోనే జాగ్రత్తగా ఉండాలి.

ముగ్గులో చుక్క ఎక్కడ పడాలో ముందే లెక్క ఉంటుంది. నీ బొమ్మలో చుక్క ఎక్కడుందన్న దానికి పెద్ద అర్థం లేదు. గీతలతో కలిసినవాటిని దగ్గరకు లాగుతూ సాఫ్ట్‌వేర్ సర్దిన వరస అది. అదే డేటాతో మళ్లీ గీయమంటే ఇంకోలా సర్దవచ్చు. నువ్వేమో ఒక బ్యాక్టీరియాను పట్టుకుని "నడుమ కొలువుదీరిన రాజు" అని రాసేశావు.

ఇక ఆ గీతల సంగతి. శాస్త్రవేత్తలు పొలంలో మట్టి శాంపిళ్లు తీస్తారు, అందులోని డీఎన్ఏ చదువుతారు, ఏ శాంపిల్‌లో ఎవరు ఎంతమంది ఉన్నారో పట్టిక వేస్తారు. ఏ రెండు రకాలు కలిసి పెరుగుతున్నాయో, ఒకటి పెరిగితే ఏది తగ్గుతోందో చూసి గీత గీస్తారు. అంటే చేతిలో ఉన్నది హాజరు పట్టీ. పట్టీ చూసి ఈ ఇద్దరూ ఒకే రోజుల్లో బడికి వస్తున్నారని చెప్పగలం. ఒకరి డబ్బాలో అన్నం ఇంకొకరు తింటున్నారని చెప్పలేం. లెక్కల్లో దీన్ని సహసంబంధం అంటారు. పేరులోనే "సంబంధం" ఉంది, అదే తంటా. తెలుగువాళ్లం, ఆ మాట వింటే మనసు పెళ్లిచూపుల దాకా వెళ్లిపోతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. పదేళ్ల కిందట ఒక ఆదివారం అనుబంధానికి రాస్తూ, రెండు రకాల బ్యాక్టీరియా మధ్య, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతోందని చెప్పే ఎర్ర గీత కనబడగానే "మట్టిలో మహాయుద్ధం" అని శీర్షిక పెట్టాను. భూసార పరీక్షలు చేసే ఒక పెద్దాయన కార్డు రాశారు: "యుద్ధం మీరు చూశారా? ఒకదానికి ఆమ్ల నేల కావాలి, ఇంకోదానికి అక్కర్లేదు. వాటికి ఒకదాని ముఖం ఒకటి తెలియదు." ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇంకో చిక్కు ఉంది, నీ వ్యాసంలో దాని ఊసే లేదు. ఈ పట్టికల్లో ఉండేవి చాలావరకు వాటాలు, అసలు సంఖ్యలు కావు. చిటికెడు మట్టిలో క రకం బ్యాక్టీరియా 50, చ రకం 30, ట రకం 20 ఉన్నాయనుకో. వాన పడి క ఒక్కటే 200 అయింది. చ, ట ఉన్నచోటే ఉన్నాయి. ఇప్పుడు మొత్తం 250. చ వాటా 30 శాతం నుంచి 12కి పడింది, ట వాటా 20 నుంచి 8కి. వాటాలు మాత్రమే చూసినవాడికి క వచ్చి మిగతా రెండింటినీ తొక్కేసినట్టు, చ, ట ఒక జట్టైనట్టు కనబడుతుంది. జరిగిందల్లా క పెరగడమే. ఇలాంటి నిష్పత్తుల మోసం గురించి గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1897లోనే హెచ్చరించాడు. సూక్ష్మజీవుల డేటాలో దాన్ని సరిచూసుకోవడానికి 2012లో ఫ్రీడ్‌మన్, ఆల్మ్ అనే ఇద్దరు పరిశోధకులు స్పార్‌సీసీ అనే లెక్కల పద్ధతి తెచ్చారు. నువ్వు చెప్పిన అధ్యయనం ఏ పద్ధతి వాడిందో వెళ్లి చూడు. అది చూడకుండా వ్యాసం మొదలుపెట్టావంటే నాకు కోపం వస్తుంది.

నిజమైన సంబంధం ఎలా ఉంటుందో తెలియాలంటే పెరుగు దగ్గరికి రా. డెయిరీ పెరుగులో వాడే జంట ఒకటుంది: స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్. రెండోది పాలలోని ప్రోటీన్‌ను ముక్కలు చేసి మొదటిదానికి తిండి అందిస్తుంది. మొదటిది ఫార్మిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ ఇచ్చి రెండోదాన్ని పెంచుతుంది. ఎవరు ఎవరికి ఏం ఇస్తున్నారో ఇక్కడ తెలుసు, విడివిడిగా, కలిపి పెంచి చూశారు కాబట్టి. తమాషా ఏమిటంటే, వంద గిన్నెల పెరుగు తీసుకుంటే అన్నింట్లోనూ ఈ రెండూ ఒకే పాళ్లలో ఉన్నాయనుకో, నెట్‌వర్క్‌లో వాటి మధ్య గీతే పడదు. హెచ్చుతగ్గులు లేనిచోట ఆ లెక్కకు పట్టు దొరకదు.

అలాగని ఈ పద్ధతిని తీసిపారేయకు. ఎక్కడ వెతకాలో అది చెబుతుంది. తారా అనే తెరచాప ఓడ 2009 నుంచి సముద్రాలు తిరిగి తెచ్చిన ప్లాంక్టన్ (నీటిలో తేలియాడే చిన్న జీవులు) శాంపిళ్లతో అల్లిన నెట్‌వర్క్ 2015లో అచ్చయింది. అందులో ఒక చదునుపాటి చిన్న పురుగుకూ, నాచు జాతికి చెందిన ఒక ఆకుపచ్చ ఆల్గేకూ మధ్య గీత పడింది. వాళ్లు అక్కడ ఆగలేదు. మైక్రోస్కోప్ కింద చూస్తే ఆల్గే ఆ పురుగు ఒంట్లోనే కాపురం ఉంది! నీ వ్యాసానికి కావలసింది ఆ మైక్రోస్కోప్ ఘట్టం. నీ మట్టిలో ఏ గీతను ఎవరైనా అలా వెళ్లి చూశారా? ఫోన్ చేసి అడుగు. శాస్త్రవేత్తలు కసురుకోరు, అడిగేవాళ్లు లేకే మాట్లాడరు.

"కీలక జీవి", అంటే అదొక్కటి పోతే మిగతా జీవుల బతుకే తలకిందులయ్యే జీవి, అన్న మాట కూడా తొందరపడి వాడావు. 1960లలో రాబర్ట్ పెయిన్ అనే జీవావరణ శాస్త్రవేత్త అమెరికా పశ్చిమ తీరపు రాళ్ల మీది నక్షత్ర చేపలను ఏరి సముద్రంలోకి విసిరేశాడు. ఆల్చిప్పల్లాంటి మసెల్స్ ఆ రాళ్లను ఆక్రమించి మిగతావాటిని వెళ్లగొట్టాయి. తీసి చూశాకే ఆయన ఆ మాట వాడాడు. నీ రాజుగారిని ఎవరూ ఇంకా గద్దె దింపి చూడలేదు కదా.

వచ్చే వారానికి తిరగరాసి పంపు. "పోరాడుతోంది", "సహకరిస్తోంది", "శాసిస్తోంది" అని రాసిన ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టాను, పదిహేడు వచ్చాయి. వాటిలో ఎన్నింటికి సాక్ష్యం ఉందో పక్కన రాయి. ముగ్గు మాత్రం ఉండనీ.