షెడ్డువారి పొరపాటుతో కారు పాడైనప్పుడు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఆయిల్ మార్పించి తెచ్చుకున్న మర్నాడే డాష్‌బోర్డు మీద ఆయిల్ గుర్తు ఎర్రగా వెలిగిందని, ఇంజన్‌లో టకటక శబ్దం మొదలైందని, షెడ్డువారిని అడిగితే ఇంజన్ పాతదని, తమ పనికీ దీనికీ సంబంధం లేదని అన్నారని రాశావు. నీ కోపం న్యాయమైనదే. నేను చాలాకాలం మరమ్మతుల పనిలోనే ఉన్నవాణ్ని కనుక ఒక మాట గట్టిగా చెబుతాను. ఇటువంటి తగాదా తేలేది, బండిని మళ్లీ ఎవరైనా విప్పకముందు అది ఏ స్థితిలో ఉందో చూపే ఆధారాలు నీ చేతిలో ఉన్నాయా లేవా అన్నదాని మీదనే.

ముందుగా, ఇక ఆ బండిని స్టార్టు చేయవద్దు. శబ్దం వినిపించడానికి కూడా వద్దు. ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్టుకూ, దానిని మోసే బేరింగులకూ మధ్య పలుచని ఆయిల్ పొర మాత్రమే ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి పడిపోతే ఆ పొర చెదిరి, లోహం లోహాన్ని రాసుకుని కొద్దిసేపట్లోనే చెడిపోతుంది. ఎర్రదీపం వెలిగిన తరువాత కూడా నడిపిన ప్రతి కిలోమీటరునూ వారు నీ ఖాతాలోనే వేస్తారు, ఆ మాటలో కొంత న్యాయం కూడా ఉంటుంది. ఎక్కడికి తీసుకువెళ్లాలన్నా టోయింగ్ బండి మీదనే పంపించు, ఆ రశీదు దాచు.

తరువాత ఫోటోలు తీయి. దీపం, ఓడోమీటర్ అంకె, ఆయిల్ కొలిచే కడ్డీ అయిన డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం, బండి అడుగుభాగం, ఫిల్టర్ చుట్టుపక్కల తడి, నేలమీద పడిన ఆయిల్, ఇవన్నీ తేదీ తెలిసేలా ఉండాలి. కారిన ఆయిల్‌ను శుభ్రం చేయాలనిపిస్తుంది కానీ తుడవకు. ఏ గ్రేడు ఆయిల్ ఎన్ని లీటర్లు పోశారో, బండి అప్పటికి ఎంత తిరిగిందో జాబ్ కార్డులోనూ బిల్లులోనూ ఉంటుంది కాబట్టి ఆ రెండింటినీ భద్రపరచు.

ఆయిల్ మార్చేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్నే, అవి తమ జాడను వదిలే పోతాయి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోగా, చూసుకోకుండా దానిమీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే, రెండు రింగులు ఒత్తిడికి నిలవక జారి, ఆయిలంతా నిమిషాల్లో బయటికి చిమ్ముతుంది. పాత ఆయిల్ వదిలే రంధ్రానికి ఉండే డ్రెయిన్ ప్లగ్ వదులుగా బిగిస్తే అది మెల్లగా తిరిగి ఊడిపోతుంది. అతిగా బిగిస్తే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే అల్యూమినియం తొట్టి, అంటే సంప్‌లోని మరలు అరిగిపోయి కారడం మొదలవుతుంది. ఆయిల్ మరీ ఎక్కువ పోసినా క్రాంక్ షాఫ్టు దానిని చిలికి నురగ చేస్తుంది, ఆ నురగతో ఒత్తిడి నిలవదు. ఫిల్టర్ విప్పినప్పుడు రెండు రింగులు కనబడ్డాయంటే వేరే వాదన అక్కర్లేదు. అందుకే నీవు లేనప్పుడు ఆ ఫిల్టర్‌ను ఎవరూ విప్పకూడదు, విప్పేటప్పుడు వీడియో తీయాలి, తీసిన భాగాలన్నీ నీవే అడిగి తెచ్చుకోవాలి. సంప్‌లో మిగిలిన ఆయిల్‌ను శుభ్రమైన సీసాలో పట్టి ఉంచు. అందులో లోహపు రజను ఉంటే బేరింగుల సంగతి తెలుస్తుంది.

ఆ షెడ్డుతో స్నేహం కానీ పోటీ కానీ లేని మరో మెకానిక్ చేత పరీక్ష చేయించి, రాతపూర్వకంగా నివేదిక తీసుకో. తప్పెవరిదని ఆయనను అడగవద్దు. ఏ భాగం చెడింది, ఏ కారణంగా చెడింది, ఆ రోజు చేసిన పనిలో ఆ భాగాన్ని ముట్టుకున్నారా, ఈ మూడింటికి జవాబు రాయించు. స్కానరు పెడితే, బండి కంప్యూటరు నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లను చెరిపేయకముందే వాటి కాపీ తీయించు. కొన్ని కోడ్‌లతోపాటు లోపం ఏర్పడిన క్షణంలో ఇంజన్ ఉన్న స్థితి కూడా నమోదై ఉంటుంది, చెరిపేస్తే అదీ పోతుంది.

ఇక్కడ నీవు కూడా న్యాయంగా ఉండాలి. సర్వీసు తరువాత వచ్చిన ప్రతి చెడూ సర్వీసు వల్లనే వచ్చినట్లు కాదు. బ్రేకు ప్యాడ్లు మార్చిన వారానికి ఏసీ కంప్రెసర్ ఆగిపోతే ఆ రెండింటికీ సంబంధం ఉండదు. చక్రాల నట్లను 50 నుంచి 100 కిలోమీటర్ల తరువాత మరోసారి బిగించుకోమని రాసి ఇచ్చినా మనం పట్టించుకోకపోతే, ఆ నష్టంలో మన వాటా కూడా ఉంటుంది. నీ విషయంలో మాత్రం చేసిన పనికీ చెడిన చోటుకీ నేరుగా సంబంధం కనబడుతున్నది.

ఆధారాలు చేతికి వచ్చాక షెడ్డు యజమానితోనే మాట్లాడు. పని చేసిన కుర్రవాడి మీద అరిస్తే నీకు ఒరిగేదేమీ లేదు, అతని జీతం కోత పడవచ్చు. ఏం జరిగింది, నీవు ఏమి కోరుతున్నావు, ఏ తేదీలోగా జవాబు కావాలి అన్నది లేఖగా రాసి, అందినట్లు సంతకం తీసుకో. వారికి బండిని చూసే అవకాశం తప్పక ఇవ్వు, అయితే అది నీ సమక్షంలోనే జరగాలి. ఆ అవకాశమే ఇవ్వకుండా వేరేచోట బాగు చేయించేస్తే తరువాత నీ వాదన బలహీనపడుతుంది. ఇటువంటి నష్టాలకు వారికి బీమా ఉందేమో అడుగు. నీ సొంత బీమా సంస్థకూ తెలియజేయి; యాంత్రిక లోపాలను సాధారణంగా వారు భరించరు కానీ పాలసీలో ఏముందో చదివి చూడు.

వారు బాగు చేసి ఇస్తామంటే సంతోషమే, కానీ ఆయిల్ నింపి పంపించేస్తామంటే ఒప్పుకోకు. ఆయిల్ లేక శబ్దం చేసిన ఇంజన్‌కు సంప్ దించి బేరింగులను, క్రాంక్ షాఫ్టు మీద బేరింగులు కూర్చునే నున్నని భాగాలైన జర్నల్స్‌ను కళ్లతో చూడాలి, తిరిగి బిగించాక ఆయిల్ ఒత్తిడిని గేజితో కొలవాలి. ఏ భాగాలు వేస్తారో, కొత్తవో పాతవో, ఆ పనికి ఎంతకాలం వారంటీ ఇస్తారో ముందే రాయించు. పాత ఇంజన్‌కు బదులుగా పూర్తిగా కొత్తది వేస్తూ కొంత ఖర్చు నిన్ను భరించమంటే, ఆ కోరికను వెంటనే తోసిపుచ్చకు. బండిని పూర్వస్థితికి తేవడమే నీకు న్యాయంగా రావలసినది.

బిల్లు కడితే తప్ప బండి ఇవ్వమంటే, అభ్యంతరంతో చెల్లిస్తున్నానని బిల్లు మీద రాసి కట్టు. ఇకపై ఎటువంటి క్లెయిమూ లేదన్న కాగితం మీద మాత్రం ఇప్పుడే సంతకం చేయకు. వారు జవాబే ఇవ్వకపోతే వినియోగదారుల ఫిర్యాదులు వినేచోట ఈ కాగితాలన్నీ దాఖలు చేయి, ఫిర్యాదులకు గడువు ఉంటుంది కనుక ఆలస్యం చేయకు.

బండి తిరిగి వచ్చిన రోజున, ఇంజన్ చల్లబడ్డాక సమతలంగా ఉన్నచోట డిప్‌స్టిక్ తీసి చూడు. రాత్రంతా కింద అట్టముక్క పరచి ఉంచి, ఉదయం దానిమీద మరక లేదని చూసుకో. కొన్ని రోజులు నడిపాక మళ్లీ అంతా చూసుకుని, అప్పుడు ఆ సంతకం సంగతి ఆలోచించు.

ఇట్లు,
మామయ్య