పెద్దవాళ్ళ పింఛన్ల గురించి చదువుకుంటే కొలువు దొరుకుతుందా?

ప్రశ్న: నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మల్కాజిగిరిలో ఉంటాం. మా చిన్నమ్మాయి కోఠి మహిళా వర్సిటీలో బీఏ ఎకనామిక్స్ ఆఖరి సంవత్సరం. కామారెడ్డి దగ్గర ఊళ్ళో ఉన్న మా అమ్మకు వేలిముద్ర పడక మూడు నెలలు పింఛను ఆగింది. ఆ పని మీద నాతో తిరిగినప్పట్నుంచి, వృద్ధుల కోసం ప్రభుత్వాలు చేసే చట్టాలు, పథకాల మీదే పీజీ చేస్తానంటోంది. మావాళ్ళేమో ‘ముసలోళ్ళ సేవకు చదువెందుకు, అమీర్‌పేటలో ఏదన్నా కోర్సులో చేర్పించు, లేకుంటే నర్సింగ్ చేయించి జర్మనీ పంపు’ అంటున్నారు. రెండు లక్షలకు మించి పెట్టలేను. ఏం చేయమంటారు? తను ఊళ్ళో రాసుకొచ్చిన కాగితం కూడా పంపుతున్నాను.

జవాబు: అన్నగారూ, ముందు ఆ కాగితం సంగతి చెప్తాను. మీ ఉత్తరం కంటే దాన్నే ఎక్కువసేపు చదివాను. నోటుబుక్కులోంచి చింపిన పేజీ, స్కేలు పెట్టి గీసిన ఐదు గడులు. పేరు, వయసు, పోస్టాఫీసుకు ఎంత దూరం, ఎన్నిసార్లు తిరిగారు, చివరికి ఏ వేలు పడింది. మొత్తం 14 మంది. ఆఖరి గడిలో ఏడుగురికి ‘ఎడమ చేయి చిటికెన వేలు’ అని ఉంది. ఏళ్ళ తరబడి బీడీలు చుట్టిన చేతులకు బొటనవేలు, చూపుడువేలు ముందు అరిగిపోతాయి. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల దాన్ని పట్టుకుంది. ‘వాళ్ళ బాధ చూడలేకపోయాను’ అని మాత్రమే రాసి ఉంటే నా సలహా ఇంకోలా ఉండేది. మీ అమ్మాయి బాధపడి ఊరుకోలేదు, లెక్క తీసింది. ఆ గుణం ఉన్నవాళ్ళ కోసమే ఈ రంగం ఎదురుచూస్తోంది.

మీవాళ్ళు అంటున్న ‘సేవ’ వేరు, మీ అమ్మాయి అడుగుతున్న చదువు వేరు. పెద్దవాళ్ళను చూసుకోవడం గొప్ప పని, దానికి నర్సులు కావాలి. కానీ ఎవరికి ఎంత పింఛను రావాలి, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి రావాలి, వేలు పడకపోతే ఏం చేయాలి అన్నది ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి రాయాలి. ఆ ఆలోచన సరిగా జరగకపోతే ఏమవుతుందో మీకు ఇంకొకరు చెప్పక్కర్లేదు, మీ పాసుబుక్కే చెప్తుంది. మీకొచ్చేది ఈపీఎస్-95, అంటే పీఎఫ్ ఉద్యోగుల పింఛను పథకం కింద ఇచ్చే పింఛను కదా. పింఛనుకు లెక్కగట్టే జీతాన్ని సర్వీసు ఏళ్ళతో హెచ్చించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి పరిమితి 2014 సెప్టెంబరు దాకా 6,500, ఆ తర్వాత 15,000. చేతికి ఎంత జీతమొచ్చినా మామూలుగా లెక్కలోకి వచ్చేది అంతవరకే. పైగా ధరలు పెరిగినా దానికి డీఏ కలవదు. కనీస పింఛను 1,000 రూపాయలని 2014లో పెట్టారు, ఇప్పటికీ అంతే. ఇక మీ అమ్మగారి ఆసరా పింఛను 2,016. కేంద్రం వృద్ధాప్య పింఛను కింద ఇచ్చే వాటా 80 ఏళ్ళలోపు వాళ్ళకు నెలకు 200, ఆపైన 500. మిగతాదంతా రాష్ట్రమే భరించాలి. ఒకే ఇంట్లో తల్లికి ఒక లెక్క, కొడుక్కి ఇంకో లెక్క. ఈ రెండూ ఎందుకిలా ఉన్నాయో, ఎలా ఉంటే బాగుంటుందో తేల్చడమే ఆ చదువు.

దేశంలో 60 దాటినవాళ్ళు 2011 జనగణనలో 10 కోట్ల పైచిలుకు. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ వయసువాళ్ళే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదికలో అంచనా వేసింది. మన రెండు రాష్ట్రాల్లో ఇది ఇంకా తొందరగా వస్తుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో తల్లికి పిల్లలు తెలంగాణలో సగటున 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. మన చిన్నప్పుడు ప్రతి ఊరి గోడ మీదా కుటుంబ నియంత్రణ గుర్తు, ఎర్ర త్రికోణం ఉండేది. అలాంటిది, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. గాలి ఎటు మళ్ళిందో దీన్నిబట్టే తెలుస్తోంది.

కొలువుల మాటకొస్తే, ఒక చట్టం వచ్చిందంటే దాని వెనకాలే ఒక వృత్తి పుడుతుంది. జపాన్‌నే చూడండి. అక్కడ 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాల సంరక్షణ బీమా మొదలైంది. 40 నిండిన ప్రతి ఒక్కరూ ప్రీమియం కట్టాలి. 65 దాటాక అవసరం పడితే ఇంటికొచ్చి పరీక్షిస్తారు, ఏడు స్థాయిల్లో ఏ స్థాయి సాయం కావాలో తేలుస్తారు. ఖర్చులో పదో వంతు మనిషి పెట్టుకుంటే చాలు, ఆదాయం ఎక్కువున్నవాళ్ళు ఇంకాస్త ఎక్కువ పెట్టుకోవాలి. స్నానం చేయించడానికి ఎవరు రావాలి, వారానికి ఎన్నిసార్లు రావాలి అని ప్రణాళిక రాయడానికి కేర్ మేనేజర్ అనే ఉద్యోగం ఆ చట్టంతోనే పుట్టింది. జర్మనీ అంతకుముందే, 1995లో ఇలాంటి బీమా పెట్టింది. మీవాళ్ళు పంపమంటున్న నర్సుల ఉద్యోగాలకు గిరాకీ పెరగడంలో ఆ బీమా పాత్ర కూడా ఉంది. (నర్సింగ్ చేసినవాళ్ళెవరైనా అలా వెళ్ళాలనుకుంటే దళారుల చేతిలో డబ్బు పోయొద్దు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ కొలువులకు మనుషుల్ని ఎంపిక చేస్తుంది, అక్కడ అడగండి. మీ అమ్మాయి దారి మాత్రం అది కాదు.)

మన దగ్గరా ఆ కదలిక ఉంది. 70 దాటినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల దాకా ఆయుష్మాన్ వైద్యం 2024 అక్టోబరులో వచ్చింది. 65 దాటితే కొత్తగా ఆరోగ్య బీమా ఇవ్వకపోవచ్చన్న పాత పరిమితిని బీమా నియంత్రణ సంస్థ అదే ఏడాది ఏప్రిల్ నుంచి తీసేసింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది మన హైదరాబాద్‌లోనే. అయితే అన్నిటికంటే నన్ను కదిలించేది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. పిల్లలు పట్టించుకోకపోతే పెద్దవాళ్ళు ట్రిబ్యునల్‌కు, మన దగ్గరైతే ఆర్డీఓకు, దరఖాస్తు పెట్టుకోవచ్చు. 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 దాకా భృతి ఇప్పించవచ్చు.

ఒకప్పుడు నా దగ్గరికి సలహాకు వచ్చిన అమ్మాయి ఇప్పుడు వృద్ధుల హెల్ప్‌లైన్ తరఫున ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఉంది. అదే, 14567 నంబరు. పోయినేడు ఆమె పిలిస్తే అలాంటి ఒక విచారణకు వెళ్ళాను. 75 ఏళ్ళ అమ్మ, కూరగాయల సంచిలో పాలిథిన్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన రిజిస్టర్డ్ దస్తావేజు. ఇల్లు కొడుక్కి రాసిచ్చింది. బాగా చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చి, ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేసే వీలు ఆ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. అధికారి దస్తావేజు మొత్తం రెండుసార్లు చదివారు. ‘ప్రేమాభిమానాలతో’ అని ఉంది, ‘నన్ను పోషించవలెను’ అన్న ఒక్క లైను లేదు. షరతు ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. వృద్ధుల మేలు కోసం పుట్టిన చట్టాన్ని ఉదారంగా చదవాలని 2025 జనవరిలో అన్నది కూడా. ఈ రెండు తీర్పుల మధ్య ఆ అమ్మ కుర్చీ అంచున కూర్చుని, ‘ఆ లైను ఇప్పుడు రాయించుకోవచ్చా బిడ్డా?’ అని ఆ హెల్ప్‌లైన్ అమ్మాయిని అడిగింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో తల్లిదండ్రులు పిల్లలకు ఆస్తి రాసే ప్రతిసారీ ‘ఈ షరతు పెట్టమంటారా’ అని అడగాలన్న నియమం ఒక్కటి ఉంటే ఆమె ఆ గదిలోకి రావాల్సిన పనే ఉండేది కాదు. అలాంటి ఒక నియమాన్ని లెక్కలతో సహా రాసి, పై అధికారుల ముందు పెట్టి ఒప్పించగల మనిషి కావాలి. మీ అమ్మాయి అలాంటి మనిషి కాగలదనిపిస్తోంది.

అయితే ఒక జాగ్రత్త. ‘వృద్ధుల విధాన నిపుణురాలు’ అని బోర్డు పెట్టుకుని ఎవరూ ఉద్యోగమివ్వరు. చేతిలో ముందు గట్టి పనిముట్టు ఒకటి ఉండాలి. వృద్ధాప్యం ఆ పనిముట్టుతో దున్నే పొలం. మీ అమ్మాయికి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) కంటే ఎంఏ ఎకనామిక్స్ మేలని నా అభిప్రాయం, ఆ కాగితం చూశాకే అంటున్నాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ-పీజీ రాయాలి, ఉస్మానియాకు సీపీగెట్. రెండూ రాయించండి. ఈ రెంటిలో ఎక్కడ సీటొచ్చినా మీరనుకున్న రెండు లక్షల్లోనే చదువు గడుస్తుంది. ముంబైలోని జనాభా శాస్త్రాల సంస్థ, ఐఐపీఎస్, జనాభా అధ్యయనాల్లో పీజీ చెప్తుంది. పంపగలిగితే అదీ మంచిదే. ‘వృద్ధుల సంరక్షణ డిప్లొమా, ఉద్యోగం గ్యారంటీ’ అంటూ వేలల్లో ఫీజు అడిగే ప్రైవేటు ప్రకటనల జోలికి మాత్రం పోకండి.

పీజీ అయ్యాక మన ఊళ్ళోనే చూసుకునే చోట్లు ఉన్నాయి. బేగంపేటలో ఆర్థిక, సామాజిక అంశాల మీద పనిచేసే సెస్ పరిశోధన సంస్థ, రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి జాతీయ సంస్థ, సర్వేలు చేసే ఏజెన్సీలు, ఆరోగ్య బీమా కంపెనీలు. ఎకనామిక్స్‌లో పీజీ ఉంటే యూపీఎస్‌సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష కూడా రాయవచ్చు, వయసు 30 దాటకూడదు. మొదటి రెండు మూడేళ్ళు ప్రాజెక్టు ఉద్యోగాలే ఎక్కువ దొరుకుతాయి. ఏడాదో రెండేళ్ళో కాంట్రాక్టు ఉంటుంది, జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాలి కంటే తక్కువే ఉంటుంది. ఇది మీరూ అమ్మాయీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ఆ రెండు మూడేళ్ళూ తన జీతం కోసం ఇల్లు ఎదురుచూడకుండా గడవగలిగితే ధైర్యంగా పంపండి. గడవదనుకుంటే ముందు ఏదైనా ఉద్యోగంలో చేరి, పీజీ ఒకట్రెండేళ్ళు ఆగి చేసినా నష్టం లేదు.

ఈలోపు తనను ఐఐపీఎస్ పెద్ద వయసువాళ్ళ మీద చేసిన ‘లాసీ’ సర్వే నివేదిక చదవమనండి. 2017-18లో దేశమంతా తిరిగి 45 ఏళ్ళు దాటినవాళ్ళను, వాళ్ళ భార్యాభర్తలను కలిపి 72,000 మందికి పైగా పలకరించారు. ప్రశ్నలతో సరిపెట్టకుండా పిడికిలి బలం కూడా కొలిచారు. నివేదికలో తెలంగాణ అంకెలు విడిగా ఉన్నాయి.

కాగితం తిరిగి పంపుతున్నాను, పారేయనివ్వకండి. ఈసారి ఊరెళ్ళినప్పుడు దాని పక్కన ఆరో గడి గీయమనండి: పింఛను ఆగిన నెలల్లో మందులకు ఎవరి దగ్గర చేబదులు తెచ్చుకున్నారు, ఎంత? ఆ 14 మందినీ అడిగి రాశాక నాకు ఇంకో ఉత్తరం రాయమనండి, ఈసారి తనే.