రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్‌కి ముందు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) 14 పళ్లది వేస్తే పికప్ పెరుగుతుందా?

పెరుగుతుంది. బండితో వచ్చిన 15 పళ్లది తీసి 14 వేస్తే ప్రతి గేరులోనూ వెనక చక్రానికి అందే లాగుడు సుమారు 7 శాతం ఎక్కువవుతుంది. ఇంజిన్‌కి ఏమైనా అవుతుందా అని కూడా అడిగారు. సరైన స్ప్రాకెట్ వేసి, రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల వేగానికి మీటరు మీద ఉండే ఎర్ర హద్దు) దాటించకుండా నడిపితే ఏమీ కాదు. నేను విశాఖలో ఇదే బండి నడుపుతాను, అరకు ఘాట్ కోసమే 14 వేయించాను, ఇప్పటికీ అదే ఉంది.

అయితే మీది సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి, హైదరాబాద్ ట్రాఫిక్‌లో బరువుగా లాగుతోంది అంటున్నారు. అందుకని స్ప్రాకెట్ జోలికి వెళ్లేముందు బండి సంగతి తేల్చుకోండి. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. కర్రుమని వెంటనే ఆగిపోతే బ్రేక్ పట్టేస్తోంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 50లో వెళ్తూ ఒక్కసారిగా పూర్తి రేజ్ ఇవ్వండి. ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు పైకి ఎగిరిపోయి స్పీడు మాత్రం నింపాదిగా పెరుగుతుంటే క్లచ్ ప్లేట్లు జారుతున్నట్టే. అలాంటి బండికి 14 వేస్తే కొన్నాళ్లు బాగున్నట్టే ఉంటుంది, ఎందుకంటే క్లచ్ మీద భారం కొంచెం తగ్గుతుంది. రోగం మాత్రం లోపలే ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్, టైర్లలో గాలి కూడా చూడండి. ఇవన్నీ బాగుండి కూడా మీకు చాలట్లేదనిపిస్తేనే గేరింగ్ మార్చాలి.

ఇప్పుడు లెక్క. వెనక స్ప్రాకెట్‌కి 38 పళ్లు. 38ని 15తో భాగిస్తే 2.53, 14తో భాగిస్తే 2.71. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ముందు స్ప్రాకెట్ ఇదివరకటి కంటే ఎక్కువ తిరగాలి, అంతే. ఇంజిన్ బలం పిసరంత కూడా పెరగదు. అవే 24 చిల్లర హార్స్‌పవర్, అదే 32 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఆ బలం ఏ స్పీడులో మన చేతికి వస్తుందన్నదే మారుతుంది. ఒక గేరు ఇదివరకు 60 దాకా సాగితే ఇప్పుడు 56 దగ్గరే అయిపోతుంది. కాబట్టి సున్నా నుంచి 60 ఎన్ని సెకన్లలో అని స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తే నిరాశపడే అవకాశం ఉంది. 60 చేరేలోపే ఇంకో గేరు మార్చాల్సి వచ్చి, కలిసొచ్చిన సమయం ఆ మార్పులోనే పోవచ్చు. పందెం కోసమైతే నేను దీన్ని చెప్పను. సిగ్నల్ దగ్గర కదలడానికి, వెనకాల మనిషిని, సామాన్లని పెట్టుకుని ఎత్తు ఎక్కడానికి అయితే గట్టిగా చెబుతాను.

నాకు తేడా ఎక్కడ తెలిసిందో చెబుతాను. శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు ఎక్కుతుంటే వెనక్కి మడిచినట్టుండే మలుపులు వస్తాయి. 15 ఉన్నప్పుడు అలాంటి మలుపులో రెండో గేరులో ఉంటే ఇంజిన్ వేగం బాగా పడిపోయి, చైన్ టకటకమని కొట్టుకునేది. ఒకటో గేరుకి దిగితే బండి ఒక్క కుదుపు కుదిపేది, వెనకాల కూర్చున్నవాళ్లు నా వీపు మీదకి వచ్చి పడేవాళ్లు. సగం క్లచ్ పట్టుకుని నెట్టుకురావడమే మిగిలేది. రెండొందల కిలోలకి దగ్గరగా ఉండే బండికి పైన ఇద్దరు మనుషులు, బ్యాగులు అంటే ఆ క్లచ్ ఎంత వేడెక్కుతుందో ఊహించండి. 14 వేశాక అదే మలుపు రెండో గేరులోనే, క్లచ్ ముట్టుకోకుండా ఎక్కేస్తోంది. దిగేటప్పుడు కూడా ఇంజిన్ బ్రేకింగ్ (రేజ్ వదిలినప్పుడు ఇంజినే బండిని ఆపే తీరు) కాస్త గట్టిగా ఉంటుంది, బ్రేకుల మీద పని తగ్గుతుంది. ఈ రెండో లాభం గురించి ఎవరూ చెప్పరు గానీ, ఘాట్‌లో నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

నష్టం హైవే మీద. ఇదివరకు 5000 ఆర్పీఎం దగ్గర వెళ్లిన స్పీడుకి ఇప్పుడు 5350 పైన తిప్పాలి. హ్యాండిల్‌లో వణుకు, కాళ్ల దగ్గర జివ్వుమనడం అంతకుముందు కంటే తక్కువ స్పీడులోనే మొదలవుతాయి. పెట్రోలు కూడా కొంచెం ఎక్కువ తాగుతుంది. మీరు తరచూ విజయవాడ హైవే ఎక్కి గంటల తరబడి 100లో వెళ్లేవారైతే 15తోనే ఉండండి. 80, 90 దగ్గర సంతృప్తిపడేవారైతే పెద్దగా ఇబ్బంది లేదు.

మీ మెకానిక్ వెనక స్ప్రాకెట్ పెద్దది వేద్దామన్నాడని రాశారు. లెక్క ప్రకారం ముందు ఒక పన్ను తగ్గించడం, వెనక సుమారు మూడు పళ్లు పెంచడం ఒకటే. వెనక పెంచితే చైన్ మరీ ఇరుకుగా వంగదు, అరుగుదలకి అది మంచిదే. కానీ ఖర్చు ఎక్కువ, పైగా చైన్ పొడవు సరిపోకపోవచ్చు. మన చైన్ లింకు 5/8 అంగుళం. ముందు ఒక పన్ను తగ్గితే వదులైన చైన్‌ని బిగించడానికి చక్రం దాదాపు 4 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే చాలు. వెనక మూడు పళ్లు పెరిగితే చక్రం 12 మిల్లీమీటర్ల దాకా ముందుకి రావాలి, అంత చోటు ఉండాలి కదా. అందుకే ముందు స్ప్రాకెట్‌తో మొదలుపెట్టమంటాను. 13కి మాత్రం వెళ్లకండి. చైన్ మరీ చిన్న చుట్టులో వంగి త్వరగా అరుగుతుంది, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీదుండే రబ్బరుని కూడా రాస్తుంది.

కొనేటప్పుడు చైన్ లింకు పక్కన కొట్టి ఉన్న నంబరు చూసి అదే నంబరు స్ప్రాకెట్ అడగండి. 520, 525 రెండింటికీ పళ్ల మధ్య దూరం ఒకటే, వెడల్పు వేరు. చేత్తో పట్టుకుని చూస్తే తేడా తెలియదు. పాత చైన్ అరిగిందో లేదో తెలుసుకోవడం తేలిక. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ని వేళ్లతో పట్టి వెనక్కి లాగండి. కింద పన్ను సగం కనిపించేంత లేచిందంటే ఆ చైన్ పని అయిపోయింది. దాని మీద కొత్త 14 వేస్తే కొత్త పళ్లు కూడా త్వరలోనే ఒక పక్కకి వాలిపోతాయి. అప్పుడు కిట్ మొత్తం, అంటే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చడమే దారి.

బిగించే రోజు షాపులో దగ్గరుండండి. ముందు స్ప్రాకెట్ మీది కవర్ తీస్తే లోపల నల్లటి గ్రీజు మడ్డి గట్టిపడి ఉంటుంది, దాన్నంతా గీకించాకే కొత్తది ఎక్కించమనండి. వెనక చక్రం ఎంత జరిగిందో చూపే గుర్తులు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. చైన్ వదులు మాన్యువల్‌లో చెప్పినంతే ఉండాలి, బిగువు ఎక్కువైతే గేర్‌బాక్స్ బేరింగ్ దెబ్బతింటుంది. మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి ఫోన్ జీపీఎస్‌తో స్పీడోమీటర్‌ని పోల్చండి. స్పీడుని చక్రం దగ్గర కొలిచే బండ్లలో తేడా రాదు, గేర్‌బాక్స్ దగ్గర కొలిచే బండ్లలో 7 శాతం ఎక్కువ చూపిస్తుంది. కిట్ మార్చి ఉంటే మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో చైన్ సాగుతుంది, ఓసారి మళ్లీ సరిచేయించండి. చైన్, పాత 15 రెండూ బాగుంటే ఆ 15ని దాచుకోండి. దూరం హైవే ప్రయాణం ఉన్నప్పుడు తిరిగి వేయించడం పెద్ద పనేమీ కాదు.