కొత్త బ్యాటరీ వేశాక ఆటో స్టార్ట్-స్టాప్ పనిచేయకపోతే

సిగ్నల్ దగ్గర కారు నిలవగానే ఇంజన్‌ను ఆపి, కదలబోయేటప్పుడు మళ్లీ స్టార్ట్ చేసే సౌకర్యమే ఆటో స్టార్ట్-స్టాప్. కొత్త బ్యాటరీ వేయించాక అది ఎందుకు పనిచేయడం లేదు, దాన్ని పూర్తిగా ఆపేయాలా అని మీరు అడిగారు. ఇంజన్‌ను కాదు, బ్యాటరీనే అనుమానించండి. కొత్తది వేయించిన నాటి నుంచే సిగ్నళ్ల దగ్గర ఇంజన్ ఆగడం లేదని మీరే రాశారు.

1. బ్యాటరీ మీద ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ అని ఉందా? ఇవి ఇలాంటి కార్లకు వాడే దృఢమైన బ్యాటరీ రకాలు. మాటిమాటికీ స్టార్ట్ చేసే పనికి మామూలు బ్యాటరీ సరిపోదు. పాతది ఏజీఎం అయితే దాని స్థానంలో ఏజీఎం మాత్రమే వేయాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: బ్యాటరీ మార్చిన సంగతి కారు కంప్యూటర్‌కు తెలియాలి. చాలా మోడళ్లలో స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) పెట్టి కొత్త బ్యాటరీని నమోదు చేయాలి. లేకపోతే పాత బ్యాటరీయే ఉందనుకుని, దాన్ని కాపాడేందుకు ఇంజన్‌ను ఆపదు. కొన్ని కార్లు కొద్ది రోజుల్లో వాటంతటవే సర్దుకుంటాయి. మీ మోడల్ ఏ రకమో మాన్యువల్‌లో చూడండి.

3. నెగటివ్ టెర్మినల్ మీది చిన్న సెన్సర్ ప్లగ్ తిరిగి పెట్టారా? హడావిడిలో మర్చిపోతుంటారు.

ఇంజన్ ఇంకా వేడెక్కకపోయినా, ఏసీ మీద భారం ఎక్కువగా ఉన్నా ఆగదు. అది లోపం కాదు.

ఈ సౌకర్యాన్ని పూర్తిగా ఆపేయాలా అన్నారు. ట్రాఫిక్‌లో ఎక్కువసేపు నిలబడేవారికి ఇంధనం మిగులుతుంది. హైవే ప్రయాణాలే ఎక్కువైతే లాభం దాదాపు శూన్యం, ఖరీదైన బ్యాటరీ భారం మాత్రం తప్పదు. స్టార్టర్ మోటార్ అరిగిపోతుందన్న భయం అతిగా ప్రచారమైంది. ఈ కార్లలో దాన్ని దృఢంగానే చేస్తారు. అంగుళం అంగుళం కదిలే రద్దీలో మాత్రం నేనైతే బటన్ నొక్కి ఈ సౌకర్యాన్ని ఆపేస్తాను. చాలా కార్లలో ప్రతి ప్రయాణానికీ మళ్లీ నొక్కాల్సిందే.