ఎక్కడం సరే, దిగేటప్పుడు మోకాలు తట్టుకుంటుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 52. ఆఫీసు ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. ఆరేళ్లుగా బీపీ ఉంది. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర రోజూ ఒకటి వేసుకుంటున్నాను. బీపీ అదుపులోనే ఉంటోంది. షుగర్ లేదు. రోజూ 40 నిమిషాలు నడుస్తాను. మెట్లు ఎక్కేటప్పుడు ఫర్వాలేదు గానీ దిగేటప్పుడు కుడి మోకాలి చిప్ప దగ్గర నొప్పి వస్తుంది. మూడు నెలల తర్వాత స్నేహితులతో కలిసి ఎత్తైన పర్వతాల్లో ఒకరోజు ట్రెక్‌కి వెళ్దామనుకుంటున్నాం. 1,800 మీటర్ల ఎత్తులో బయల్దేరి, 3,000 మీటర్ల ఎత్తున్న కనుమ దాటి, అవతలి వైపు నుంచి చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. మొత్తం 17 కిలోమీటర్లు. మా వాళ్లంతా నాకంటే చిన్నవాళ్లు. అంత ఎత్తులో ఊపిరి అందదేమోనని టెన్షన్‌గా ఉంది. నేను వెళ్లొచ్చా? ఎత్తు ప్రదేశాలకు వేసుకునే మాత్ర, పెయిన్ కిల్లర్ ముందే వేసుకుంటే మంచిదా? - ఒక పాఠకుడు

సమాధానం: మీ భయమంతా ఊపిరి గురించే ఉంది. నాకైతే మీ కుడి మోకాలి గురించే ఎక్కువ ఆలోచన. వెళ్లొచ్చు. కాకపోతే ఈ మూడు నెలలూ ఖాళీగా గడపకూడదు, వెళ్లేలోపు గుండె పరీక్ష ఒకటి చేయించుకోవాలి.

మొదట మీ దారి లెక్క చూద్దాం. 1,200 మీటర్లు ఎక్కుతారు, అంతే దిగుతారు. మెట్టు 20 సెంటీమీటర్లు అనుకుంటే 6,000 మెట్లు ఎక్కి, 6,000 మెట్లు దిగినట్టు. కొండ నడకకు పాతకాలం నుంచీ ఒక లెక్క వాడుతున్నారు: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. దాని ప్రకారం మీకు ఐదున్నర గంటలు పడుతుంది. అది అలవాటున్నవాళ్ల లెక్క, ఆగడాలు కలపని లెక్క. మీరు ఎనిమిది, తొమ్మిది గంటలు అనుకోండి. రోజూ 40 నిమిషాల నడక మంచిదే. కానీ చదును నేల మీద నడిచే కాలికి ఈ పని కొత్త.

ఇక్కడ ఇంకో చిక్కుంది. వెళ్లిన దారినే తిరిగొచ్చే ట్రెక్ అయితే ఎప్పుడు అలసిపోయినా వెనక్కి తిరిగితే సరిపోతుంది, అడుగడుగూ ఇంటికి దగ్గరవుతారు. చుట్టు దారిలో అలా కాదు. కనుమ దాటి కొంత దిగాక మోకాలు మొరాయిస్తే ముందుకెళ్లినా దిగుడే, వెనక్కెళ్లాలంటే మళ్లీ ఎక్కుడు. గుండె, ఊపిరితిత్తుల కష్టం పొద్దున ఎక్కేటప్పుడు తెలిసిపోతుంది, అప్పటికింకా వెనక్కి రావడానికి దారి ఉంటుంది. మోకాలి కష్టం మధ్యాహ్నం గానీ బయటపడదు. అప్పటికి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. నా ఆలోచన మోకాలి మీదే ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది కదా.

మెట్టు దిగేటప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి నెమ్మదిగా గమనించండి. ఎడమ కాలు కింది మెట్టును తాకేదాకా ఒంటి బరువంతా వంగుతున్న కుడి మోకాలి మీదే ఉంటుంది. తొడ ముందు కండరం ఆ బరువును దబ్బున వదిలేయకుండా, నిండు బిందెను చప్పుడు కాకుండా నేల మీద పెట్టినట్టు, మెల్లగా దించాలి. అంటే కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బిగపట్టి ఉండాలి. కండరంలో సన్నటి చీలికలు వచ్చేది ఈ పనిలోనే. మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోయేదీ దీనివల్లే. ఆ కండరం అలసిపోతే బరువును పట్టి ఆపే పని తగ్గి, మోకాలి చిప్ప వెనక ఒత్తిడి ఇష్టమొచ్చినట్టు పడుతుంది. మీకు మెట్లు దిగేటప్పుడు నొప్పి రావడానికి ఎక్కువ అవకాశం ఉన్న కారణం ఇదే. అయితే మోకాలు వాస్తున్నా, మధ్యలో పట్టేసినట్టు ఇరుక్కుంటున్నా, ఉన్నట్టుండి జారిపోయినట్టు అనిపిస్తున్నా ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి. అలాంటప్పుడు కింద చెప్పే వ్యాయామం మొదలుపెట్టొద్దు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. చేత్తో గోడో రెయిలింగో పట్టుకుని, మెట్టు అంచున కుడికాలి మీద నిలబడండి. మూడు అంకెలు లెక్కపెడుతూ ఎడమ మడమ కింది మెట్టును తాకేదాకా మెల్లగా దించండి, మళ్లీ పైకి రండి. పదిసార్లు. ఎదురుగా అద్దం ఉంటే మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలిపోతోందా చూడండి. చాలామందికి నాలుగోసారికే వాలుతుంది, తుంటి కండరం బలంగా లేదనడానికి అది గుర్తు. విశేషమేంటంటే ఈ పరీక్షే మందు కూడా. వారానికి మూడు రోజులు, రెండు కాళ్లకూ, నొప్పి కొద్దిగా ఉన్నంతవరకు చేయొచ్చు. నొప్పి మర్నాటికీ తగ్గకపోతే మెట్టు ఎత్తు తగ్గించండి.

నాలుగు వారాలయ్యాక వీపున ఐదారు కిలోల బ్యాగు వేసుకుని మెట్లు ఎక్కడం, ముఖ్యంగా దిగడం మొదలుపెట్టండి. వారానికి ఒకరోజు నాలుగైదు గంటల నడక ఉండాలి. దగ్గర్లో గుట్ట ఏదైనా ఉంటే ఇంకా మంచిది. కండరానికి ఒక మంచి గుణం ఉంది: దిగుడు దెబ్బ ఒకసారి తిన్నాక కొన్ని వారాలపాటు గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి అంతగా దెబ్బతినదు. కాబట్టి చివరి పెద్ద దిగుడు ట్రెక్‌కు వారం, పది రోజుల ముందు చేసి, తర్వాత కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. ట్రెక్కింగ్ కర్రలు రెండూ తీసుకెళ్లండి, సిగ్గుపడకండి. దిగేటప్పుడు వాటిని కొద్దిగా పొడవు చేసి, ముందు కర్ర ఆన్చి తర్వాత అడుగు వేస్తే మోకాలి మీద భారం బాగా తగ్గుతుంది. మోకాలికి తొడిగే పట్టీ (నీ-క్యాప్) వేసుకుంటే ధైర్యంగా ఉంటుందంటే వేసుకోండి. కండరం చేసే పని మాత్రం అది చేయదు.

గుండె సంగతి. యాభై దాటి, బీపీ ఉండి, ఇంత శ్రమకు అలవాటులేని మగవాళ్ల విషయంలో నేను మొహమాటపడను. కొండల మీద నడుస్తూ గుండె ఆగి చనిపోయేవాళ్లలో ఇలాంటివాళ్లే ఎక్కువ, అందులోనూ పైకి వెళ్లిన మొదటి రోజే ప్రమాదం ఎక్కువ. ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష, కిడ్నీల పనితీరుకు క్రియాటినిన్, రక్తంలో సోడియం, పొటాషియం చేయించుకోండి. మెట్లెక్కుతుంటే ఛాతీలో బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్లు తిరిగి పడబోవడం ఎప్పుడైనా ఉంటే, తండ్రికో అన్నదమ్ములకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే డాక్టరుతో తప్పకుండా చెప్పండి. ట్రెడ్‌మిల్ రిపోర్టు నార్మల్‌గా వచ్చినంత మాత్రాన అది జీవితకాలం హామీ కాదు. ట్రెక్ రోజు ఛాతీలో ఏ కొత్త ఇబ్బంది కలిగినా గ్యాస్ అని సర్దిచెప్పుకోకుండా ఆగిపోవాలి.

పెయిన్ కిల్లర్ ముందే వేసుకోవచ్చా అని అడిగారు. మీ విషయంలో వద్దు. ఈ ప్రశ్న అడిగి మంచి పని చేశారు, చాలామంది అడగకుండానే వేసుకుంటారు. మీ బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. టెల్మిసార్టాన్ కిడ్నీ వడపోతలోని ఒత్తిడిని తగ్గిస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ఎక్కువ పోయేలా చేసి ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి వచ్చే రక్తనాళాన్ని బిగిస్తాయి. ఇంట్లో కూర్చున్న రోజున కూడా ఈ మూడూ కలవడం మంచిది కాదు. చెమటలు కక్కుతూ తొమ్మిది గంటలు నడిచే రోజున కలిస్తే కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. మరీ నొప్పిగా ఉంటే పారాసిటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు చాలు. అసలు నొప్పి తెలియకుండా చేసుకుని దిగడమే నాకు నచ్చదు. ఎక్కడ ఆగాలో చెప్పేది ఆ నొప్పే.

బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు మానేయొద్దు. ఎత్తుకు వెళ్లిన మొదటి రోజుల్లో బీపీ కొద్దిగా పెరుగుతుంది కూడా. ట్రెక్ రోజు ఉదయం మోతాదు మార్చాలా, మూత్రం ఎక్కువ పోని వేరే మందుకు ముందే మారాలా అన్నది మీ డాక్టరును ఇప్పుడే అడగండి, ప్రయాణానికి వారం ముందు కాదు. ఇంకోటి, హైడ్రోక్లోరోథయాజైడ్ వాడేవాళ్ల చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి, మంచు ఉంటే కిందినుంచి కూడా కొడతాయి. పొడుగు చేతుల చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్, పక్కల నుంచి వెలుతురు రాని చలువ కళ్లద్దాలు ఉండాల్సిందే.

ఇక ఎత్తు. 3,000 మీటర్ల దగ్గర గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, కింద ఉన్న 21 శాతమే. గాలి ఒత్తిడి మాత్రం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 70 శాతానికి పడిపోతుంది. అందుకే ప్రతి శ్వాసలో అందేది తగ్గుతుంది. కింద హాయిగా నడిచే వేగం అక్కడ ఆయాసం తెప్పిస్తుంది, అందులో జబ్బేమీ లేదు. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ నడవగలిగే వేగమే మీ వేగం. చిన్నవాళ్లు ముందు పోతే పోనివ్వండి. ఎత్తువల్ల వచ్చే తలనొప్పి, వికారం సాధారణంగా పైకి చేరిన ఆరు నుంచి పన్నెండు గంటలకు మొదలవుతాయి. మీరు పైన గంటో, రెండు గంటలో ఉండి దిగిపోతారు, పడుకునేది కిందే. కాబట్టి మీరడిగిన ఎత్తు ప్రదేశాల మాత్ర, అంటే అసిటజోలమైడ్, మీకు అక్కర్లేదు. అది కూడా మూత్రం పోయేలా చేసే మందే, మీ బీపీ మాత్రతో కలిస్తే పొటాషియం బాగా పడిపోవచ్చు. దానికి బదులు బయల్దేరే చోట ఒకటి, రెండు రాత్రులు ముందే వెళ్లి పడుకోండి. ఎలాగూ ఆ రాత్రి మందు పార్టీ పెడతారు, దానికి దూరంగా ఉండండి.

అలాగని పైన తేడా చేస్తే కొట్టిపారేయొద్దు. ఎవరైనా తాగినవాడిలా తూలుతున్నా, తిక్కగా మాట్లాడుతున్నా, మడమకు వేళ్లు తగిలేలా గీత మీద పది అడుగులు నడవమనండి. నడవలేకపోతే వెంటనే దింపాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అంతే. 'కాసేపు పడుకుంటే తగ్గుతుంది' అనే మాట అక్కడ చెల్లదు.

నీళ్లు దాహానికి తగ్గట్టు, గంటకు అరలీటరు అటూ ఇటూగా తాగండి. మంచిదని లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగితే మీ మాత్ర వాడేవాళ్లకు సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. ఒక సీసాలో ఓఆర్ఎస్ కలుపుకోండి. గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకోండి.

బూట్లు కొత్తవి వద్దు, గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. ఈ సలహా ఇచ్చే నేనే ఒకసారి పొద్దున పదింటికి మడమ దగ్గర వేడిగా అనిపిస్తే, నలుగురిలో కూర్చుని బూటు విప్పడం ఎందుకులే అని నడిచాను. మధ్యాహ్నానికి రూపాయి బిళ్లంత బొబ్బ. నొప్పికి కాలు వంకరగా వేసీ వేసీ సాయంత్రానికి బాగున్న రెండో మోకాలు కూడా పట్టేసింది. వేడి తెలిసిన నిమిషంలోనే ఆగి ప్లాస్టర్ వేసుకోవాలి.

చెమటకు తడిసిన బనియన్ కనుమ మీద గాలికి మంచుగడ్డలా ఉంటుంది. బయల్దేరిన చోటికంటే అక్కడ ఏడెనిమిది డిగ్రీలు తక్కువ ఉంటుంది. పొడి బనియన్ మార్చుకుని, పైన గాలి చొరబడని జాకెట్ వేసుకుని అప్పుడు ఫొటోలు దిగండి.

చుట్టు దారికి ఒక సౌలభ్యం ఉంది: ఎటునుంచి తిరగాలో మీరే ఎంచుకోవచ్చు. మ్యాప్ తీసి చూడండి. నిటారుగా, గులకరాళ్లతో జారే వైపు నుంచి ఎక్కి, వాలు తక్కువున్న వైపు దిగేలా పెట్టుకోమని మీ వాళ్లకు చెప్పండి. ఊపిరి కొంచెం ఎక్కువ కష్టపడుతుంది, మోకాలు బతుకుతుంది. కాళ్లు జారి పడేది కూడా ఎక్కువగా అలసిపోయి దిగేటప్పుడే. వేసవి మధ్యాహ్నాల్లో కొండల మీద ఉరుములు, మెరుపులు మామూలే కాబట్టి తెల్లవారగానే బయల్దేరి, మధ్యాహ్నంలోపు కనుమ దాటేయాలి.

వెనక్కి తిరగాలా వద్దా అన్నది కనుమ మీద నిలబడి తేల్చకండి, అంత కష్టపడి వచ్చాక ఎవరూ తిరగరు. చివరి ఎక్కుడు మొదలయ్యే చోట కూర్చుని తేల్చండి. అప్పటికి అనుకున్న సమయం కంటే గంట ఆలస్యమైనా, మోకాలు ఎక్కేటప్పుడే నొప్పి పెడుతున్నా, ఛాతీలో ఏ తేడా ఉన్నా తోడుగా ఒకరిని తీసుకుని వచ్చిన దారినే దిగిపోండి. ఈ మాట మీ వాళ్లతో ఇప్పుడే అనుకోండి. విజిల్, టార్చ్ దగ్గర ఉంచుకోండి. ఫోన్ పనిచేయని చోట సాయం కావాలంటే నిమిషంలో ఆరుసార్లు ఊదాలి లేదా వెలిగించాలి, ఒక నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. అవతలినుంచి నిమిషానికి మూడుసార్లు జవాబొస్తే మీ సంకేతం అందినట్టు.

ఎనిమిది వారాలయ్యాక ఆ మెట్టు పరీక్ష కుడికాలితో పదిసార్లు నొప్పి లేకుండా చేయగలుగుతున్నారా, ట్రెడ్‌మిల్ రిపోర్టు ఏం వచ్చింది, ఈ రెండూ రాయండి. రెండో వైపు దిగుడు ఎంత ఉందో మ్యాప్‌లో చూసి అది కూడా రాస్తే, మీరు చుట్టంతా తిరగాలా, కనుమ దాకా వెళ్లి అదే దారిన వచ్చేయాలా అన్నది అప్పుడు చెబుతాను.