సొంత బీరు రెసిపీ: మా నాన్న చెప్పిన టిక్కీ లెక్క

ప్రశ్న: మాది విజయవాడ, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాను. కిట్ కొని రెండుసార్లు ఇంట్లో బీరు చేశాను. ఇక సొంత రెసిపీ చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అక్కడున్నారు కాబట్టే చెబుతున్నా. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకన్నా ఎక్కువో ఉంటే 200 గ్యాలన్లు పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదంతే. అదే పని బెజవాడలో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూల గొప్పతనం గురించి ఎంత చెప్పినా ఎక్సైజువాళ్ళు వినరు. మా అమ్మే వినలేదు. "సారా కాస్తున్నావా?" అని ఫోన్లో ఒకటే ఏడుపు.

నేను డాలస్‌లో ఆరేళ్ళున్నా. మొదటి సొంత రెసిపీ అనేసరికి నాకు పూనకం వచ్చింది. నాలుగు రకాల మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), మూడు రకాల హాప్స్, చాలదన్నట్టు ధనియాలు, నారింజ తొక్క. గుంటూరోణ్ణయ్యుండి మిరపకాయ వెయ్యకపోతే ఎట్లా? ఊర్నించి తెచ్చుకున్న ఎండుమిరపకాయలు పన్నెండు తుంచి పడేశా. ఐదు సీసాలు జీన్స్ ప్యాంట్లలో చుట్టి 2016 సంక్రాంతికి ఇంటికి పట్టుకొచ్చా.

కనుమ రాత్రి బ్రాడీపేటలో మా డాబా మీద కూర్చున్నాం, నేనూ నాన్నా బాబాయీ. నాన్నది మిర్చి యార్డులో ముప్ఫయ్యేళ్ళ కమీషన్ వ్యాపారం. కాయ తుంచి వాసన చూసి రకం చెబుతాడు. గ్లాసు ట్యూబులైటుకి ఎత్తి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఒక్క గుక్క తాగాడు. బాబాయికి అప్పటికే పొలమారి, నీళ్ళ చెంబు కోసం తడుముకుంటున్నాడు.

"కాయ మనదేనా?"

"మనదే నాన్నా. సన్నం."

"ఊఁ. ధనియాలున్నాయి. ఏదో మాడిన వాసన కూడా ఉంది. ఇందులో బీరేదిరా?"

నేను నాలుగు మాల్టుల సంగతి ఎత్తుకున్నా. సగంలోనే ఆపేశాడు. "నాలుగు రకాలు ఒకే టిక్కీలో కలిపి తెచ్చి రేటు కట్టమంటే దేనికి కట్టాలిరా?"

టిక్కీ అంటే యార్డు భాషలో మిర్చి బస్తా. తర్వాత నేను చదివిన పుస్తకాలేవీ ఇంత సూటిగా చెప్పలేదు.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఒకటే మాల్టు, ఒకటే హాప్. 19 లీటర్లకి నాలుగున్నర కిలోల పేల్ మాల్టు. మాల్టు వేణ్ణీళ్ళలో నానబెట్టి వడగట్టిన రసంలో క్యాస్కేడ్ హాప్స్ 28 గ్రాములు గంటసేపు ఉడకాలి, అది చేదుకి. ఇంకో 28 దించేముందు ఐదు నిమిషాలు, అది వాసనకి. ఏల్ రకం బీరుకి వాడే ఈస్ట్ ఒక ప్యాకెట్. పాలకేంద్రంలో లాక్టోమీటర్ ముంచినట్టు హైడ్రోమీటర్ (ఉత్త నీళ్ళకి 1.000 చూపిస్తుంది) ముంచితే మొదట 1.050కి అటూఇటూగా రావాలి. పులిశాక 1.010కి దిగితే ఆల్కహాల్ ఐదు శాతం పైచిలుకు వచ్చినట్టు. ఇదే మూడుసార్లు చెయ్యండి. విసుగొస్తుంది, రానివ్వండి. నాలుగోసారి ఒక్కటంటే ఒక్కటే మార్చండి, అదీ నోట్‌బుక్కులో రాసుకుని.

తీపినిచ్చే క్రిస్టల్ మాల్టు కలపాలనిపిస్తే మాత్రం మొత్తంలో పదో వంతు దాటనివ్వకండి. నేను కిలో పోశా, బెల్లం పానకంలా తయారైంది. మిరపకాయ వెయ్యాలని మరీ సరదాగా ఉంటే విడిగా వోడ్కాలో నానబెట్టి, గ్లాసెడు బీరులో చుక్కచుక్కగా కలిపి రుచి చూడండి. కారం నీళ్ళకన్నా ఆల్కహాల్లో బాగా దిగుతుంది. పీపాలో పడేసిన కాయల్ని మర్చిపోతే రోజురోజుకీ ఘాటు పెరుగుతూనే ఉంటుంది. బాబాయి పొలమారడం వెనక కథ అదీ.

యూట్యూబులో స్టీలు ట్యాంకుల ముందు నిలబడి పాఠాలు చెప్పేవాళ్ళని నమ్మకండి. ఆ ట్యాంకు డబ్బులతో మా నాన్న నా ఇంజనీరింగు మొదటేడాది ఫీజు కట్టాడు. కొనాలనుంటే పులిసే బకెట్టుని 18-20 డిగ్రీల్లో ఉంచడానికి పాత ఫ్రిజ్ కొనండి. టెక్సాస్ ఎండాకాలం మన ఎండాకాలానికి ఏం తీసిపోదు. ముప్ఫై దాటిన గదిలో పులిసిన ఏల్ నెయిల్ పాలిష్ వాసనేస్తుంది, ఎంత గొప్ప రెసిపీ అయినా సరే. రెసిపీ గురించి వందమంది అడుగుతారు, ఫ్రిజ్ గురించి ఒక్కడూ అడగడు. ఇది నా పాత బాధ.

మరుసటి కనుమకి ఆ ఒక్క మాల్టు, ఒక్క హాప్ బీరే తెచ్చా. నాన్న గ్లాసు ఖాళీ చేసి, "చేదు కాస్త తగ్గించొచ్చు" అన్నాడు. అప్పట్నుంచి గంటసేపు ఉడికేవి 28 కాదు, 21 గ్రాములే. బాబాయి మాత్రం ముందు నన్ను తాగమని, నేను దగ్గకపోతేనే గ్లాసు అందుకున్నాడు.

ఇప్పుడు గుంటూరులోనే ఉంటున్నా కాబట్టి కాచడం మానేశా. సామానంతా అక్కడే ఎవరికో ఇచ్చేసి, బకెట్టులో మాత్రం బట్టలు కుక్కి తెచ్చుకున్నా. మూత గట్టిది, చీమ దూరదు. అమ్మ అందులో చింతపండు నిల్వ చేసుకుంటోంది.